బయటి లీగుల్లో ఆడినవాళ్లు లేకపోతే జాతీయ జట్టు నెగ్గలేదా?

గంటస్తంభం 10 (విజయనగరం) · 2025 నవంబర్ 19, బుధవారం రాత్రి 8:40

నిన్న ఢాకాలో మన ఫుట్‌బాల్ జట్టు మ్యాచ్ చూశాక నిద్ర పట్టలేదు. బంగ్లాదేశ్ చేతిలో 1–0. వాళ్ల చేతిలో మనం ఓడటం 2003 తర్వాత ఇదే మొదటిసారి. పదకొండో నిమిషంలో గోల్ తిన్నాం, మిగిలిన ఎనభై నిమిషాల్లో ఒక్కటి తిరిగి వేయలేకపోయాం. పొద్దున్న లేచి ఫోన్ చూస్తే కరీబియన్ దీవి క్యురసావ్ 2026 ప్రపంచ కప్‌కి అర్హత సాధించిందని వార్త. జమైకా వెళ్లి 0–0 చేసుకున్నారు, వాళ్లకి అది చాలింది. ఆ దీవి జనాభా సుమారు లక్షన్నర. మన విజయనగరం టౌను జనాభాయే 2011 లెక్కల్లో రెండు లక్షల పాతిక వేలు దాటింది. మన ఊరంత కూడా లేని దేశం ప్రపంచ కప్ ఆడబోతోంది.

తేడా ఎక్కడుందో నాకైతే స్పష్టంగా కనిపిస్తోంది. క్యురసావ్ జట్టులో దాదాపు అందరూ నెదర్లాండ్స్‌లో పుట్టి, అక్కడి అకాడమీల్లో పెరిగి, బయటి క్లబ్బుల్లో ఆడుతున్నవాళ్లు. బంగ్లాదేశ్‌కి కూడా లెస్టర్ సిటీ హంజా చౌదరి ఉన్నాడు, కెనడా లీగులో ఆడే షమిత్ షోమ్ ఉన్నాడు. మన జట్టులో బయట లీగులో ఆడుతున్నవాడు ఒక్కడూ లేడు. 2024 జనవరిలో ఆసియా కప్‌లో ఏం జరిగిందో గుర్తుందిగా? ఆస్ట్రేలియా మీద 0–2, ఉజ్బెకిస్తాన్ మీద 0–3, సిరియా మీద 0–1. మూడు మ్యాచులు, ఒక్క గోల్ లేదు. 2027 ఆసియా కప్‌కి అయితే అర్హతే పోయింది, అదీ గోవాలో సింగపూర్ చేతిలో ఓడి.

పదిమంది కుర్రాళ్లని ఏదో ఒక దేశానికి పంపితే తప్ప ఈ జట్టు బాగుపడదని నా అభిప్రాయం. మీరేమంటారు?

లెఫ్ట్ బ్యాక్ 3 (బొబ్బిలి) · 9:05

అన్నా, బాధ నాకూ ఉంది కానీ లెక్క సరిగ్గా చూద్దాం. నిన్న గోల్ కొట్టింది మొర్సాలిన్. ఎడమ పక్క నుంచి పరుగెత్తి బంతి ఇచ్చింది రకీబ్. ఇద్దరూ బంగ్లాదేశ్ లీగులో ఆడేవాళ్లే. హంజా వచ్చాక వాళ్లకి ధైర్యం వచ్చిందంటే ఒప్పుకుంటాను. గోల్ మాత్రం ఇంటివాళ్లదే.

ఇంకోటి. 2022 ప్రపంచ కప్‌లో సౌదీ అరేబియా అర్జెంటీనాని 2–1తో ఓడించిందా? ఆ సౌదీ జట్టులో 26 మందికి 26 మందీ సౌదీ లీగువాళ్లే. అందులో చాలామంది ఒకే క్లబ్బు, అల్ హిలాల్. అవతల అర్జెంటీనాలో సొంత దేశపు క్లబ్బులో ఆడేవాడు ఒక్కడే, రివర్ ప్లేట్ గోలీ అర్మానీ. ఆయన బెంచ్ మీదే కూర్చున్నాడు. 2006లో కప్పు కొట్టిన ఇటలీ జట్టులో 23 మందీ ఇటలీ లీగువాళ్లే. 2018లో సెమీస్ ఆడిన ఇంగ్లాండ్ కూడా అంతే.

గంటస్తంభం 10 · 9:14

తమ్ముడూ, ఇటలీ, ఇంగ్లాండ్ పోలిక మనకి చెల్లదు. ఇటలీ కుర్రాడు ఇంట్లో కూర్చుంటే ప్రపంచమే వాడి ఇంటికి వచ్చేది. ఆదివారం వాడు ఎదుర్కొనేది బ్రెజిల్ ఫార్వర్డ్‌ని, ఫ్రాన్స్ మిడ్‌ఫీల్డర్‌ని. బయటికి వెళ్లాల్సిన పని ఏముంది? సౌదీ సంగతి కూడా పూర్తిగా చెప్పు. అర్జెంటీనాని ఓడించాక పోలాండ్ మీద 0–2, మెక్సికో మీద 1–2, ఇంటికి. ఒక్క మధ్యాహ్నం ఎవరైనా చెలరేగి ఆడగలరు.

దోహా సోంపేట (ఖతార్) · 9:50

ఇప్పుడే డ్యూటీ దిగి రూముకొచ్చాను. ఈ విషయంలో నేను కళ్లారా చూసింది చెప్తాను.

2022 నవంబర్ 25, శుక్రవారం. మాకు సెలవు. ఇక్కడ ఉండేవాళ్లకి 40 రియాళ్ల టికెట్లు ఇచ్చారు, మా రూములో నలుగురికి దొరికాయి. ఇద్దరిది కవిటి, ఒకరిది ఇచ్ఛాపురం, నాది సోంపేట దగ్గర. అల్ థుమామా స్టేడియంలో ఖతార్, సెనెగల్ మ్యాచ్. ఎనిమిదేళ్లుగా తిండి పెట్టిన దేశం కాబట్టి మేం ఖతార్ వైపే అరిచాం.

ఖతార్ అంటే మామూలు జట్టు కాదు. 2019 ఆసియా కప్ ఫైనల్లో జపాన్‌ని 3–1తో కొట్టింది. ఆ టోర్నమెంట్‌లో అల్మోజ్ అలీ ఒక్కడే తొమ్మిది గోల్స్ వేశాడు. ఆటగాళ్లందరూ ఇక్కడి లీగువాళ్లే. ప్రపంచ కప్ ముందు వాళ్లని నెలల తరబడి క్యాంపులోనే ఉంచారు. ఒకరి అడుగు ఒకరికి తెలుసు. కానీ ఆ రోజు స్టాండ్స్‌లో కూర్చుని చూస్తుంటే వేరే సంగతి కనపడింది. ఖతార్ డిఫెండర్ బంతి ఆపి తలెత్తి చూడాలనుకుంటాడు. అంతలోనే సెనెగల్ వాడు మీద ఉంటాడు. టీవీలో ఇది తెలియదు. పైనుంచి చూస్తే బంతి చుట్టూ ఖాళీ ఎంత వేగంగా మూసుకుపోతోందో కనపడుతుంది. హాఫ్ టైముకి ముందు వాళ్ల డిఫెండర్ ఖూఖీ బంతిని సరిగ్గా తన్నలేక కింద పడ్డాడు, బూలాయె దియా గోల్ కొట్టేశాడు. చివరికి 3–1. అందరూ దాన్ని పొరపాటు అన్నారు. నేనైతే అలా అనను. ఖతార్ లీగులో ఆ బంతికి ఇంకో సెకను టైము దొరుకుతుంది. వాడి కాలు ఆ సెకనుకి అలవాటు పడింది.

ఎనిమిదేళ్లుగా నేను పైప్ ఫిట్టర్‌ని. మన ఊళ్లో నేర్చుకున్న పని ఇక్కడ నాకు మొదటి ఆరు నెలలూ సరిపోలేదు. చెయ్యి తెలిసిన పనే, వేగం వేరు. ఆ వేగం క్యాంపులో రాదు, రోజూ ఆ పని మీద ఉంటేనే వస్తుంది.

ఉద్దానం వింగర్ (పలాస) · 10:02

అన్నా, ఆ సెకను సంగతి చదివి ఒళ్లు జలదరించింది. మా గ్రౌండులో అబ్బాయిలతో కలిసి ఆడిన రోజు నాకు జరిగేది అదే. అమ్మాయిల మ్యాచ్‌లో నాకు రెండు టచ్‌లు దొరుకుతాయి. అబ్బాయిలతో ఒక్కటే. నెల రోజులు వాళ్లతో ఆడి మళ్లీ అమ్మాయిల మ్యాచ్‌కి వస్తే గ్రౌండు పెద్దదైనట్టు ఉంటుంది.

లెఫ్ట్ బ్యాక్ 3 · 10:20

దోహా అన్న చెప్పింది కాదనలేను. కానీ బయటికి వెళ్లడం వేరు, బయట ఆడటం వేరు. దీని మీద నాకు సొంత అనుభవం ఉంది, ఎప్పుడూ రాయలేదు.

పందొమ్మిదేళ్లప్పుడు కోల్‌కతాలో ఒక క్లబ్బు నన్ను తీసుకుంది. పేరు ఎందుకులెండి. బొబ్బిలి స్టేషన్‌కి మా వీధి వీధంతా వచ్చింది. సీజన్ మొత్తం బెంచ్ మీద కూర్చున్నాను. రెండు మ్యాచుల్లో చివర అయిదేసి నిమిషాలు దించారు. ప్రాక్టీసు బాగా జరిగేది, కోచ్ మంచివాడే, నా చోటులో నాకన్నా పెద్దవాడు ఉన్నాడు, అంతే. సెలవులకి ఇంటికి వస్తే మా అమ్మ బ్యాగు విప్పి బట్టలు తీసింది. తెల్ల సాక్స్ చేతిలో పట్టుకుని “ఏటి నాయనా, ఇవి తెల్లగానే ఉన్నాయి, ఆడలేదా” అంది. ఏం చెప్పాలో తెలియలేదు. ఆ ఏడాది జిల్లా మ్యాచ్‌లో దిగితే, ముందు సంవత్సరం నేను కళ్లు మూసుకుని ఆపే వింగర్ నన్ను మూడుసార్లు దాటిపోయాడు. నా టైమింగ్ పోయింది.

సౌదీవాళ్లు ఇదే తప్పు దేశం మొత్తం మీద చేశారు. 2018 ప్రపంచ కప్ ముందు జనవరిలో తొమ్మిదిమందిని స్పెయిన్ క్లబ్బులకి అప్పుగా పంపారు. సలేం అల్ దౌసరి విల్యారియల్‌కి వెళ్లాడు. సీజన్ చివర్లో రియల్ మాడ్రిడ్ మీద ఒక్క మ్యాచ్‌లో దిగాడు, అదీ సబ్‌గా. మిగిలినవాళ్లదీ దాదాపు అదే కథ. జూన్‌లో ప్రారంభ మ్యాచ్‌లో రష్యా చేతిలో 5–0. అదే అల్ దౌసరి నాలుగేళ్ల తర్వాత, ఇంటి క్లబ్బులో వారం వారం ఆడుతూ, అర్జెంటీనా మీద ఆ రెండో గోల్ కొట్టాడు.

కాబట్టి పదిమందిని పంపేస్తే చాలదు అన్నా. ఆడించే చోటుకి పంపాలి.

పాత గోలీ (శ్రీకాకుళం) · 10:55

పిల్లలూ, ముప్పై రెండేళ్లు డ్రిల్ మాస్టారుగా చేశాను. నాలుగు మాటలు రాస్తాను.

1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మనది నాలుగో స్థానం. ఆస్ట్రేలియాని వాళ్ల గడ్డ మీదే 4–2తో కొట్టాం, నెవిల్ డిసౌజా హ్యాట్రిక్. 1962 జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో దక్షిణ కొరియాని 2–1తో ఓడించి బంగారు పతకం తెచ్చాం. కోచ్ మన హైదరాబాద్ రహీం సాబ్. సికింద్రాబాద్ తులసీదాస్ బలరాం కూడా ఆ జట్టులోవాడే. ఆ జట్లు మన దేశపు క్లబ్బుల్లో తయారైనవే. బయటి లీగులు లేకుండా నెగ్గలేం అనేవాళ్లకి ఇది చూపిస్తూ ఉంటారు.

కానీ నేను దీన్ని వాదనకి వాడను. అప్పటి ఆసియాలో జీతం తీసుకుని ఏడాది పొడుగునా ఆడే లీగులు లేవు. అందరం ఒకే మెట్టు మీద ఉన్నాం. ఆ తర్వాత కొరియా 1983లో ప్రొఫెషనల్ లీగు పెట్టింది, జపాన్ 1993లో పెట్టింది. వాళ్లు మెట్లు ఎక్కారు, మనం అక్కడే నిలబడ్డాం.

జపాన్ వరుస చూడండి. 1998లో మొదటి ప్రపంచ కప్‌కి వెళ్లిన జట్టు మొత్తం వాళ్ల సొంత జె-లీగ్ ఆటగాళ్లే. మూడు మ్యాచులూ ఓడారు. కానీ మూడూ ఒక్క గోల్ తేడాతోనే. ఆ వెంటనే నకాటా ఇటలీలో పెరూజాకి వెళ్లాడు. అక్కడి నుంచి ఒకరి వెనక ఒకరు. 2022 నాటికి 26 మందిలో 19 మంది యూరప్‌లో ఉన్నారు. జర్మనీ మీద గోల్స్ కొట్టిన దోవాన్, అసానో ఇద్దరూ జర్మనీ లీగులోనే ఆడుతున్నారు. జర్మనీ గోల్‌లో ఉన్న నోయర్ వాళ్లకి కొత్త మనిషి కాదు. నేను గోలీగా ఆడినవాణ్ణి కాబట్టి చెప్తున్నాను, పెద్ద పేరున్న గోలీ ఎదురుగా నిలబడితే కుర్రాడి కాలు సగం దూరంలోనే బిగుసుకుంటుంది. రోజూ చూసే గోలీ అయితే ఆ బెరుకు ఉండదు.

అయితే అదే జపాన్ నాలుగు రోజుల తర్వాత కోస్టారికా చేతిలో 1–0తో ఓడింది. గోల్ కొట్టిన ఫుల్లర్ కోస్టారికా లీగువాడు. అంతకుముందు మ్యాచ్‌లో అదే కోస్టారికాకి స్పెయిన్ ఏడు గోల్స్ వేసింది. ఫుట్‌బాల్‌లో ఏ లెక్కా ఒక్క మ్యాచ్‌కి గ్యారంటీ ఇవ్వదు.

గంటస్తంభం 10 · 11:10

మాస్టారూ నమస్కారం. మీరు రాస్తారని అనుకోలేదు. మరి 2002 కొరియా సంగతి? ఆ జట్టులో యూరప్ నుంచి వచ్చినవాళ్లు ఇద్దరే, పెరూజాలో ఆన్ జంగ్ హ్వాన్, ఆండర్లెక్ట్‌లో సియోల్ కీ హ్యోన్. అయినా సెమీస్ దాకా వెళ్లారు.

పాత గోలీ · 11:31

మంచి ప్రశ్న బాబూ. కోచ్ హిడింక్ చేతికి ఆ జట్టుని ఏడాదిన్నర ముందే ఇచ్చారు. లీగు క్లబ్బులు ఆటగాళ్లని నెలల తరబడి వదిలిపెట్టాయి. జాతీయ జట్టునే ఒక క్లబ్బులా మార్చేశారన్నమాట. పైగా సొంత దేశం, సొంత జనం. ఇప్పుడు చాలా దేశాల క్లబ్బులు అన్ని నెలలు వదలవు. ఆ కప్పు అవ్వగానే పార్క్ జీ సంగ్, లీ యంగ్ ప్యోలని హిడింక్ తనతో నెదర్లాండ్స్‌లో పీఎస్‌వీ క్లబ్బుకి తీసుకెళ్లాడు. అదొక్కసారికే పనికొచ్చే దారి అని ఆయనకి తెలుసనుకుంటాను. ఖతార్‌వాళ్లు క్యాంపు పెట్టారు కానీ ఎదుటివాళ్లు ఎవరు? మన దోహా అబ్బాయి చూసిన ఆ వేగం, క్యాంపు స్నేహపూర్వక మ్యాచుల్లో దొరకలేదు.

ఉద్దానం వింగర్ · గురువారం ఉదయం 6:45

రాత్రి అందరూ మగవాళ్ల జట్టు గురించే మాట్లాడారు. మన అమ్మాయిలు ఈ జులైలో చియాంగ్ మాయి వెళ్లి థాయ్‌లాండ్‌ని 2–1తో ఓడించి 2026 ఆసియా కప్‌కి అర్హత తెచ్చారు. క్వాలిఫయర్స్ ఆడి నెగ్గి వెళ్లడం ఇదే మొదటిసారి. ఆ రెండు గోల్స్ సంగీత బాస్‌ఫోర్‌వి, ఆమె ఇక్కడి క్లబ్బులోనే ఆడుతుంది. మనీషా కళ్యాణ్ 2022లో సైప్రస్ అపోలాన్‌కి వెళ్లి, యూరప్ మహిళల ఛాంపియన్స్ లీగ్‌లో ఆడిన మొదటి భారతీయురాలయింది. అంతకుముందు బాలాదేవి స్కాట్లాండ్ రేంజర్స్‌కి ఆడింది.

నాకు తెలిసి వాళ్లిద్దరూ వెళ్లడం వల్ల జరిగిన పెద్ద మేలు గోల్స్ కాదు. మా ఊళ్లో అమ్మాయి షార్ట్స్ వేసుకుని గ్రౌండుకి వెళ్తుంటే “ఎందుకే ఇది, ఏమొస్తుంది” అనేవాళ్లు. ఇప్పుడు మా నాన్న మనీషా వీడియో చూపించి వాళ్లకి సమాధానం చెప్తున్నారు. ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట మల్లేశ్వరి గారు 2000లో సిడ్నీలో పతకం తెచ్చాక మా వైపు ఎంతమంది ఆడపిల్లలు బరువులు ఎత్తడానికి వెళ్లారో మాస్టారికి తెలుసు. ఒక్క మనిషి వెళ్లినా ఇంటి దగ్గర దారి మారుతుంది.

పాత గోలీ · 7:20

తెలుసమ్మా. బాగా రాశావు.

లెఫ్ట్ బ్యాక్ 3 · 7:48

మొరాకో గురించి ఎవరూ రాయలేదు, నాకు అన్నిటికన్నా అదే ఇష్టం. 2022లో సెమీస్‌కి వెళ్లిన మొదటి ఆఫ్రికా జట్టు. 26 మందిలో 14 మంది మొరాకో బయట పుట్టినవాళ్లు. హకీమీ పుట్టింది మాడ్రిడ్‌లో. అంతా బయటివాళ్ల ప్రతిభే అనుకుంటారు జనం. పోర్చుగల్ మీద ఆ గోల్ మళ్లీ చూడండి. ఎడమ పక్క నుంచి గాల్లోకి బంతి వేసింది అత్తియత్ అల్లా, కాసాబ్లాంకాలో వైదాద్ క్లబ్బు ఆటగాడు. తలతో కొట్టింది సెవియాలో ఆడే ఎన్-నెసిరి. కోచ్ రెగ్రాగీ అంతకు కొన్ని నెలల ముందే వైదాద్‌ని ఆఫ్రికా ఛాంపియన్‌గా నిలబెట్టినవాడు. ఆ లెఫ్ట్ బ్యాక్ కాలు ఎలాంటిదో ఆయనకి తెలుసు కాబట్టే నమ్మి దించాడు. నేనూ లెఫ్ట్ బ్యాక్‌నే కాబట్టి ఆ క్రాస్‌ని వందసార్లు చూసి ఉంటాను. ఇంటి లీగు బలంగా లేకపోతే ఆ కుర్రాడు లేడు. బయటి లీగు లేకపోతే ఆ తల లేదు.

గంటస్తంభం 10 · 8:30

ఇది చదివాక నా మాట కొంచెం మార్చుకుంటున్నాను. మన సంగతికి వస్తే గోలీ గుర్‌ప్రీత్ 2014 నుంచి 2017 దాకా నార్వేలో స్టాబెక్ క్లబ్బులో ఉన్నాడు, 2016లో యూరోపా లీగ్‌లో ఆడిన మొదటి భారతీయుడు. ఆ తర్వాత ఎన్నేళ్లు జాతీయ జట్టు గోల్ ముందు నిలబడ్డాడో చూశాం. డిఫెండర్ జింగన్ 2021లో క్రొయేషియా వెళ్లాడు, గాయంతో ఒక్క మ్యాచ్ ఆడకుండా తిరిగొచ్చాడు. ఛెత్రీ అమెరికా వెళ్లాడు, పోర్చుగల్ వెళ్లాడు, రెండు చోట్లా పెద్దగా ఆడించలేదు. అయినా 90కి పైగా గోల్స్ కొట్టాడు. రిటైరైన మనిషిని నలభై ఏళ్ల వయసులో ఈ మార్చిలో మళ్లీ పిలిపించుకున్నాం. ఎందుకు? మన దేశపు పెద్ద లీగు ఐఎస్ఎల్‌లో ఒక జట్టుకి నలుగురు విదేశీయులు గ్రౌండులో ఉండొచ్చు. గోల్ కొట్టే చోటు ఎక్కువగా వాళ్లకే పోతుంది. మన కుర్రాడు వింగ్ మీద పరుగెడతాడు, లేదా బెంచ్ మీద కూర్చుంటాడు. లెఫ్ట్ బ్యాక్ తమ్ముడి సాక్స్ సంగతే, సొంత ఇంట్లో.

ఇప్పుడైతే ఆ లీగే లేదు. నవంబర్ మూడో వారం వచ్చింది, ఈ సీజన్ ఐఎస్ఎల్ మొదలవలేదు. సూపర్ కప్ మ్యాచులు తప్ప మన ఆటగాళ్లకి ఆటే లేదు. ఢాకాలో ఓడింది విదేశీ అనుభవం లేక అని రాత్రి రాశాను. అంతకన్నా ముందు కావలసింది మ్యాచులు.

దోహా సోంపేట · మధ్యాహ్నం 12:15

బయట పుట్టిన మనవాళ్ల సంగతి కూడా ఉంది కదా. క్యురసావ్, మొరాకో చేసింది అదే. మన దేశం రెండు పౌరసత్వాలు ఒప్పుకోదు. ఓసీఐ కార్డు (విదేశీ పౌరసత్వం ఉన్న మన సంతతివాళ్లకి ఇచ్చేది) ఉన్నవాడు జాతీయ జట్టుకి ఆడలేడు. బెంగళూరు క్లబ్బుకి ఆడే ర్యాన్ విలియమ్స్ ఈ మధ్యే ఆస్ట్రేలియా పాస్‌పోర్టు వదులుకుని మన పాస్‌పోర్టు తీసుకున్నాడు. పాస్‌పోర్టు విలువేంటో గల్ఫ్‌లో ఉన్న మాలాంటివాళ్లకి తెలుసు. దాన్ని వదిలి వచ్చినవాడికి దండం పెట్టాలి. అందరూ అలా రారు, రాలేదని తప్పు పట్టకూడదు.

నాగావళి ఒడ్డు (శ్రీకాకుళం) · రాత్రి 7:35

పెద్దలందరికీ నమస్తే. ఇక్కడ అడగొచ్చో లేదో తెలియదు. మా అక్క కొడుకు పదహారేళ్లవాడు, బాగా ఆడతాడు. ఒక ఏజెంటు వచ్చి పోర్చుగల్ క్లబ్బులో పెట్టిస్తానంటున్నాడు, పద్నాలుగు లక్షలు అడుగుతున్నాడు. “బయట ఆడితేనే ఇండియా టీములోకి తీసుకుంటారు” అని మా బావకి బాగా ఎక్కించాడు. జీడితోట అమ్మడానికి బేరం కూడా వచ్చింది. ఏం చెయ్యమంటారు?

గంటస్తంభం 10 · 7:42

బాబూ, ముందు ఆ బేరం ఆపండి. ఫిఫా నిబంధన ప్రకారం పద్దెనిమిదేళ్లు నిండని కుర్రాణ్ణి వేరే దేశం క్లబ్బు తన ఆటగాడిగా రిజిస్టర్ చేసుకోకూడదు. తల్లిదండ్రులు వేరే పని మీద ఆ దేశం వెళ్లి ఉండటం లాంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి. మీ మేనల్లుడికి అవి వర్తించవు. రిజిస్టర్ కాకపోతే లీగు మ్యాచ్ ఆడలేడు. డబ్బు కట్టి వెళ్లి ప్రాక్టీసు మాత్రం చేసి వస్తాడు.

లెఫ్ట్ బ్యాక్ 3 · 7:50

తెల్ల సాక్స్‌తో తిరిగొస్తాడు అన్నా. నా మాట నమ్మండి. ఈ రెండేళ్లూ ఎక్కడ ఎక్కువ మ్యాచులు ఆడితే అక్కడ ఉంచండి, తనకన్నా పెద్దవాళ్లతో ఆడించండి.

దోహా సోంపేట · 8:25

ఏజెంటు మాట నమ్మి భూమి అమ్ముకున్నవాళ్లు మా క్యాంపులో ప్రతి రూములో ఒకరున్నారు. తోట అమ్మొద్దు. మీ బావగారితో నేను ఫోన్‌లో మాట్లాడతాను, నంబరు విడిగా పంపండి.

పాత గోలీ · 8:58

ఆదివారం ఉదయం ఆరింటికి ఆర్ట్స్ కాలేజీ గ్రౌండుకి ఆ కుర్రాణ్ణి తీసుకురండి. బ్యాంకు ఉద్యోగులు, పోలీసులు కలిసి ఆడతారు, అందరూ పాతికేళ్లు దాటినవాళ్లు, గట్టిగానే తగులుతారు. వాడు ఏ కాలితో కొడతాడు, ఏ చోట ఆడతాడు?

నాగావళి ఒడ్డు · 9:10

ఎడమ కాలు మాస్టారూ. వింగ్ మీద ఆడతాడు. బావని కూడా తీసుకొస్తాను.

పాత గోలీ · 9:13

రండి. షిన్ గార్డులు లేకపోతే నా దగ్గర ఉన్నాయి.